హస్తం, పనిముట్టు, బుద్ధి: ఇబ్న్ ఖల్దూన్ సిద్ధాంతంపై ఒక పరిశీలన

అమలాపురం పక్కనున్న బండారులంకలో మగ్గం ముందు కూర్చున్న నేతగాడికి అక్షరం రాకపోవచ్చు. గోదావరి లంకల్లో కొబ్బరితోట సాగుచేసే రైతు దస్తావేజు మీద వేలిముద్ర వేయవచ్చు. అంతమాత్రాన వారిద్దరికీ ఆలోచన లేదని అనవచ్చునా? చదువుకున్నవారు ఈ మాట పైకి అనకపోయినా వారి నడవడిలో అది కనిపిస్తూనే ఉంటుంది. ‘చదువురానివాడు’ అన్న మాట ఒక లోటును తెలిపే మాటగా ఆగిపోక, మనిషి మొత్తానికీ ఇచ్చే తీర్పుగా చెల్లుబాటవుతున్నది. ఈ తీర్పుకు శాస్త్రంలో ఆధారం ఉన్నదా లేదా అని తేల్చుకోవాలంటే ఒక పాత ప్రశ్న దగ్గరికి వెళ్ళక తప్పదు. మనిషి పనిముట్టును చేసుకున్నాడు, సరే. ఆ పనిముట్టు తిరిగి మనిషి బుద్ధిని ఏ మేరకు తీర్చిదిద్దింది?

ఈ ప్రశ్నను 19వ శతాబ్దపు ఐరోపా లేవనెత్తినదని పాఠ్యగ్రంథాలు చదివినవారు అనుకుంటారు. శ్రమ వల్లనే మానవుడు మానవుడయ్యాడని ఎంగెల్స్ వ్యాసం రాసింది 1876లో. దానికి సుమారు ఐదువందల ఏళ్ళ ముందే, 1377లో (హి. 779), నేటి అల్జీరియాలోని ఒక కోటలో ఏకాంతంగా కూర్చుని తూనిస్ పండితుడు ఇబ్న్ ఖల్దూన్ (1332–1406) తన ‘ముఖద్దిమా’లో ఇదే సంగతిని చర్చించాడు. ఆయనను పొగడడం ముస్లిం పత్రికలకు కొత్త కాదు. ఆయన చెప్పినది నేటి విజ్ఞానం ముందు ఎంతవరకు నిలుస్తుందో, ఎక్కడ తడబడుతుందో చూడడం అంతకంటె అవసరం.

సిద్ధాంతం

‘ముఖద్దిమా’ మొదటి అధ్యాయంలో ఇబ్న్ ఖల్దూన్ వాదన ఇలా సాగుతుంది. అల్లాహ్ జంతువులకు కొమ్ములు, గోళ్ళు, మందపాటి చర్మం ఇచ్చాడు. మనిషికి వాటికి బదులు ఆలోచననూ చేతినీ ఇచ్చాడు. ఆలోచన తోడుగా చెయ్యి పనిముట్లను చేస్తుంది. కొమ్ముకు బదులు బల్లెం, గోటికి బదులు కత్తి, మందపు చర్మానికి బదులు డాలు. ఈ పోలిక యూనానీ వైద్యుడు గాలెన్ నుంచి వచ్చినదని ఆయనే ఒప్పుకుంటాడు. కాని ఒంటరి మనిషి చెయ్యి ఈ పనిముట్లన్నిటినీ చేయలేదు గనుక సహకారం కావాలి, సహకారం వల్లనే సమాజం ఏర్పడుతుంది అన్న తరువాతి మెట్టుపై ఆయన తన శాస్త్రాన్నంతా కట్టాడు.

అయిదవ అధ్యాయంలో వృత్తులను వివరిస్తూ మరొక అడుగు ముందుకు వేశాడు. వ్యవసాయం, కట్టుబడి, వడ్రంగం, నేత, కుట్టుపని, మంత్రసానితనం, వైద్యం, లేఖనం — ఇవి కడుపు నింపే పనులు మాత్రమే కావు. ప్రతి వృత్తీ తనను ఆచరించే మనిషిలో ఒక పాటవాన్ని నిలుపుతుంది. దీనిని ఆయన ‘మలకా’ అన్నాడు. అది చెప్పితే వచ్చేది కాదు, చేయగా చేయగా పట్టుబడేది. దానికి గురువు తప్పనిసరి. అన్ని వృత్తుల్లోను లేఖనమూ గణితమూ బుద్ధిని ఎక్కువగా పెంచుతాయని ఆ అధ్యాయం ముగింపులో ఆయన తీర్మానం.

అన్నిటికంటె విలువైన మాట ఆరవ అధ్యాయంలో ఉన్నది. పట్టణవాసి చురుకుదనం చూసి ఎడారివాసి, అతడు పుట్టుకలోనే తనకంటె గొప్పవాడని భ్రమపడతాడనీ, తూర్పు దేశాల పండితులను చూసి మగ్రిబ్ వారు కూడా అలాగే అనుకుంటారనీ చెప్పి, ఇది పొరపాటని ఇబ్న్ ఖల్దూన్ ఖండించాడు. తేడా స్వభావంలో లేదు, వృత్తులూ నాగరికతా అదనంగా ఇచ్చిన పాటవంలో మాత్రమే ఉన్నది. ఏ జాతి బుద్ధి ఎక్కువ, ఏ జాతి బుద్ధి తక్కువ అని 19వ శతాబ్దంలో పుర్రెలు కొలిచిన ఐరోపా శాస్త్రజ్ఞులకు ఈ వివేకం లేకపోయింది.

ఇక్కడ ఒక అతిశయోక్తిని తొలగించాలి. ఖనిజాలు, మొక్కలు, జంతువులు, కోతులు, మనిషి అన్న వరుస ‘ముఖద్దిమా’లో ఉన్నది గనుక డార్విన్ సిద్ధాంతాన్ని ఇబ్న్ ఖల్దూన్ ముందే చెప్పాడని కొందరు రాస్తుంటారు. ఆ వరుస సృష్టిలోని అంతస్తులను తెలిపే పాత తాత్విక భావన. జీవులు ఎలా మారాయన్నదానికి అందులో కారణం గాని, క్రమం గాని, రుజువు గాని చూపలేదు. లేని కీర్తిని అంటగట్టడం వల్ల ఉన్న కీర్తి మరుగున పడుతుంది.

రాతి సాక్ష్యం

నేలలో దొరికిన పనిముట్లు ఈ సిద్ధాంతానికి ఏమి సాక్ష్యమిస్తాయి? కెన్యాలోని లోమెక్వి వద్ద దొరికిన రాతి పనిముట్ల వయస్సు 33 లక్షల ఏళ్ళుగా 2015లో ప్రకటించారు. మద్రాసుకు చేరువలోని అత్తిరంపాక్కం చేతిగొడ్డళ్ళు సుమారు 15 లక్షల ఏళ్ళ నాటివని 2011లో తేల్చారు. తెలుగునాట పాత కర్నూలు జిల్లా జ్వాలాపురంలో, సుమారు 74 వేల ఏళ్ళ క్రితం సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద పొరకు కిందా పైనా కూడా మానవుల రాతి పనిముట్లు బయటపడ్డాయి. అంతటి ఉత్పాతం తరువాత కూడా ఆ పనితనం కొనసాగిందని పరిశోధకులు 2007లో వాదించారు.

అయితే ఈ సాక్ష్యంలో ఒక చిక్కు ఉన్నది. అదే ఆకారపు చేతిగొడ్డలిని మానవజాతి పది లక్షల ఏళ్ళకు పైగా పెద్దగా మార్పు లేకుండా చేస్తూ వచ్చింది. చేతిలో పనిముట్టు ఉన్నంతమాత్రాన బుద్ధి దానంతట అది పెరిగేదయితే ఇంతకాలం నిలకడ ఎందుకు? ఒకరు కనిపెట్టినదాన్ని మరొకరు నేర్చుకుని, దానికి తమది కొంత చేర్చి, పిల్లలకు అప్పగించే ఏర్పాటు గట్టిపడిన తరువాతనే మార్పు వేగం అందుకున్నది. వృత్తికి గురువు తప్పనిసరి అన్న ఇబ్న్ ఖల్దూన్ మాట ఇక్కడ బలపడుతున్నది. ‘పనిముట్టే మనిషిని చేసింది’ అనేవారు గురుశిష్యుల ఈ పరంపరను లెక్కలో వేసుకోవడం మరచిపోతున్నారు.

ఎక్కడ తడబాటు

ఇబ్న్ ఖల్దూన్ వాదనలో రెండు మాటలు ఒకదానితో ఒకటి పొసగవు. ఒక ప్రకరణంలో, ఒక వృత్తిలో పాటవం కుదిరిన మనిషి మరొక వృత్తిలో అంత ప్రావీణ్యం సంపాదించడం అరుదు అంటాడు. కుట్టుపనిలో ఆరితేరినవాడు వడ్రంగంలో ఆరితేరడు, ఎందుకంటే మొదటి పాటవపు రంగు ఆత్మకు అప్పటికే పట్టి ఉంటుంది. అంటే పాటవం ఆ పనికే పరిమితం. మరొక ప్రకరణంలో లేఖనమూ గణితమూ బుద్ధి మొత్తాన్నీ పెంచుతాయంటాడు. అక్షరం నుంచి మాటకూ, మాట నుంచి అర్థానికీ పోవడం అలవాటైన మనస్సు, తెలిసినదాని నుంచి తెలియనిదానికి పోవడం నేర్చుకుంటుందని ఆయన యుక్తి.

ఈ రెండింటిలో ఏది నిజం? ఆయన గ్రంథంలోనే రెండవదానికి వ్యతిరేకమైన సాక్ష్యం ఉన్నది. రాజకీయ వ్యవహారాలకు అందరికంటె తక్కువ పనికివచ్చేవారు పండితులేనని ఆరవ అధ్యాయంలో ఆయనే రాశాడు. వారు ప్రతిదాన్నీ సామాన్య సూత్రంగా మార్చి, కళ్ళ ముందున్న విషయపు ప్రత్యేకతను వదిలేస్తారట. లేఖనం సర్వబుద్ధికీ మూలమయితే లేఖనంలో పండినవారు లోకవ్యవహారంలో ఎందుకు తడబడాలి? అక్షరం ఇచ్చే పాటవం కూడా ఒక పని పాటవమేననీ, దానికీ హద్దులున్నాయనీ ఆయన కలమే ఒప్పుకున్నట్లయింది.

ఉజ్బెక్ రైతు జవాబు

ఇరవయ్యవ శతాబ్దంలో ఇదే తగవు మళ్ళీ ముందుకు వచ్చింది. సోవియట్ మనస్తత్వవేత్త లూరియా 1931, 1932లలో ఉజ్బెకిస్తాన్, కిర్గీజియా గ్రామాలకు వెళ్ళి నిరక్షరాస్యులైన ముస్లిం రైతులను ప్రశ్నించాడు. ఆ గ్రంథం రష్యన్‌లో 1974లోను, ఇంగ్లీషులో 1976లోను వెలువడింది. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ చూపి, వీటిలో చేరనిది ఏది అని అడిగాడు. దుంగ అన్నది ఆయన కోరిన జవాబు. దుంగ లేకపోతే రంపం ఎందుకు, అన్నీ కావలసినవే అన్నారు రైతులు. మంచు కురిసే దూర ఉత్తరాన ఎలుగుబంట్లన్నీ తెల్లనివి, నోవాయా జెమ్ల్యా దూర ఉత్తరాన ఉన్నది, అక్కడి ఎలుగుబంట్లు ఏ రంగువి అని అడిగాడు. మేము చూడలేదు, చూసినవారిని అడగండి అన్నారు. చదువు లేనందున వీరి ఆలోచన కంటికి కనిపించేదానికే కట్టుబడి ఉన్నదని లూరియా నిర్ణయించాడు.

ఆయనకు దక్కవలసిన న్యాయం దక్కాలి. ఈ తేడా జాతి వల్ల వచ్చినది కాదనీ, కొద్దిపాటి చదువుతోనే మారిపోతుందనీ ఆయన చూపించాడు. ఇది ఇబ్న్ ఖల్దూన్ మాటే. కాని రైతుల జవాబులను ఆయన చదివిన తీరులో లోపమున్నది. హదీసు శాస్త్రం తెలిసినవారికి ఆ జవాబు అపరిచితంగా తోచదు. ఎవరు చూశారు, ఎవరు చెప్పారు, చెప్పినవాడు నమ్మదగినవాడా అన్న విచారణ మీదనే ఇస్నాద్ పద్ధతి అంతా నిలిచి ఉన్నది. చూడనిదానికి సాక్ష్యం చెప్పకపోవడం ఒక శిక్షణ, ఒక నీతి. పరాయి అధికారి ఒకడు వచ్చి ఎన్నడూ వినని ద్వీపం గురించి అడిగితే, తెలియదని చెప్పడాన్ని ఆలోచన లేకపోవడంగా లెక్కించడం తొందరపాటు. పైగా అది సమష్టి వ్యవసాయాన్ని బలవంతంగా రుద్దుతున్న కాలం. ఉజ్బెక్ భాషకు అరబీ లిపిని తీసి లాటిన్ లిపిని పెట్టి అప్పటికి కొద్ది ఏళ్ళే అయింది. 1940లో దాన్ని కూడా తీసి రష్యన్ లిపి పెట్టారు. నిన్నటి అక్షరాస్యుడు ఒక ఉత్తర్వుతో నేడు నిరక్షరాస్యుడైన దేశంలో, అక్షరంతో బుద్ధిని కొలవబోవడంలోని వైపరీత్యం చెప్పనక్కరలేదు.

వాయ్ ప్రజల పరీక్ష

ఈ తగవును తేల్చడానికి అన్నిటికంటె అనువైన తావు పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియాలో దొరికింది. అక్కడి వాయ్ ప్రజల్లో అత్యధికులు ముస్లింలు. వారిలో మూడు రకాల అక్షరాస్యత ఉన్నది. 19వ శతాబ్దంలో తామే కల్పించుకున్న వాయ్ లిపిని బడి లేకుండా ఒకరి దగ్గర ఒకరు నేర్చుకుని ఉత్తరాలకూ పద్దులకూ వాడుకుంటారు. అరబీని ఖుర్ఆన్ బడిలో కంఠస్థం ద్వారా నేర్చుకుంటారు. ఇంగ్లీషును సర్కారు బడిలో నేర్చుకుంటారు. చదువునూ బడినీ విడివిడిగా తూచే అవకాశం అలా దొరికింది. సిల్వియా స్క్రిబ్నర్, మైకేల్ కోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు అక్కడ చేసిన పరీక్షలను 1981లో గ్రంథంగా ప్రకటించారు.

అక్షరం వచ్చినంతమాత్రాన తర్కశక్తి మొత్తం పెరగలేదు. వాయ్ లిపి వచ్చినవారు పదాన్ని ధ్వనుల ముక్కలుగా కూర్చి అర్థం చెప్పడంలో మెరుగ్గా ఉన్నారు. ఖుర్ఆన్ బడిలో చదివినవారు మాటల జాబితాను ఒక్కొక్క మాట చేర్చుకుంటూ వరుస తప్పకుండా అప్పగించడంలో మిగిలినవారిని మించారు. అది వల్లెవేసే పద్ధతికి సరిపోయే పాటవమే. ఇతర రకాల జ్ఞాపక పరీక్షల్లో వారికి ఆ ఆధిక్యం కనబడలేదు. తమ జవాబుకు కారణం వివరించి చెప్పడంలో సర్కారు బడి పిల్లలు మెరుగయ్యారు. వారికి బడిలో రోజూ జరిగే పని అదే. కనుక పాటవం దాని పనికే పరిమితం అన్న ఇబ్న్ ఖల్దూన్ మొదటి మాట నిలిచింది. లేఖనం సర్వబుద్ధినీ పెంచుతుందన్న రెండవ మాట ఆ రూపంలో నిలవలేదు.

కోనసీమలో ఈ లెక్క

దూరదేశపు పరీక్షలు చెప్పినది ఇంటి దగ్గర కూడా సరిపోతుందా? గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమలో పొలాలకు నీరు పారుతున్నదంటే 1847–1852 మధ్య ఆర్థర్ కాటన్ కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట వల్లనే. ఇసుక మేటల మీద పునాది ఎలా నిలపాలన్నది అక్కడి ప్రధాన సమస్య. ఆ ఉపాయాన్ని కావేరి మీది పాత కల్లణై ఆనకట్టను చూసి నేర్చుకున్నామని కాటన్ స్వయంగా ఒప్పుకున్నాడు. దాన్ని కట్టినవారు ఇంజనీరింగ్ పుస్తకాలు చదివినవారు కారు. వారి జ్ఞానం వారి పనిలోనే ఉండి, చదవగలిగిన కన్ను కోసం శతాబ్దాల పాటు ఎదురుచూసింది.

రెండవ ఉదాహరణ లెక్కలది. పాత తెలుగు లెక్కల్లో భిన్నాలన్నీ నాలుగు మీద నడిచేవి. కాలు, అందులో నాలుగో వంతు వీసం, వీసంలో నాలుగో వంతు కాని. సంతలో ఈ వాడుక చాలా హాయి. కొబ్బరి బేరంలో వీసమెత్తు తేడా రాకుండా నోటిలెక్క కట్టిన పెద్దలు ఎందరో. అయితే ఒక ముస్లిం రైతు భార్యనూ, ఒక కొడుకునూ, ఒక కూతురునూ వదిలి మరణించాడనుకుందాం. షరియత్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు. మిగిలినదానిలో కొడుకుకు రెండు పాళ్ళు, కూతురుకు ఒక పాలు. వీసాలలో లెక్క కడితే భార్యకు రెండు వీసాలు సరిగ్గా వస్తాయి. మిగిలిన పద్నాలుగు వీసాలు మూడు పాళ్ళుగా తెగవు. కానులలోకి దిగినా తెగవు, ఇంకా ఎంత కిందికి దిగినా తెగవు, నాలుగు మీద నడిచే లెక్కకు మూడో వంతు ఎన్నటికీ చిక్కదు గనుక. 1957లో వచ్చిన దశాంశ నాణేల లెక్కలోనూ మూడో వంతు తెగదు. అదే ఆస్తిని 24 భాగాలు చేస్తే చిక్కు విడిపోతుంది. ఇరవైనాలుగు కొబ్బరిచెట్లుంటే తల్లికి మూడు, కొడుకుకు పద్నాలుగు, కూతురుకు ఏడు. ఈజిప్టులో ఆస్తిని 24 ఖీరాత్‌లుగా లెక్కించే ఆచారం, ఎకరం వంటి ఫెద్దాన్‌ను 24 ఖీరాత్‌లు చేసిన కొలత ఈ అవసరానికి ఎంత చక్కగా ఒదిగాయో చెప్పనక్కరలేదు.

ఖలీఫా మామూన్ కాలంలో (813–833) ఖ్వారిజ్మీ రాసిన బీజగణిత గ్రంథంలో దాదాపు సగభాగం వీలునామాలకూ వారసత్వపు వాటాలకూ కేటాయించబడింది. కూతురు హక్కు తప్పకుండా ముట్టాలన్న ధర్మవిధి లెక్కకు పనిపెట్టింది, ఆ పని లెక్కను పెంచింది. పనిముట్టు ఆలోచనను మార్చడం ఎంత నిజమో, న్యాయమన్న ఆలోచన కొత్త పనిముట్టును అడగడం కూడా అంతే నిజం. ఈ రెండవ దిశను ఎంగెల్స్ గాని లూరియా గాని పట్టించుకున్నది తక్కువ.

మూడవది మగ్గం. పడుగులో ఒక పోగు తప్పితే ఆ తప్పు బట్ట పొడవునా కనిపిస్తుంది. అంచు నమూనాను నేతగాడు పోగుల లెక్కగా మనసులో పెట్టుకోవాలి. ఈ లెక్కను చిల్లుల అట్టలలోకి ఎక్కించిన జకార్డ్ మగ్గం (1804) చూసి బాబేజ్ తన గణనయంత్రానికి (1837) అవే అట్టలను ప్రతిపాదించాడు. నేతలోని ఆలోచన గణితంలోకి తనంతట నడిచి వెళ్ళలేదు. రెండింటినీ చూసిన మనిషి ఒకడు దాన్ని మోసుకుపోయాడు.

పనిముట్టు పేరు మోసినవారు

తెలుగు ముస్లింలలో ఒక సముదాయానికి పేరే పనిముట్టు పని నుంచి వచ్చింది. దూదిని వింటితో ఏకినవారు దూదేకులవారు, నూర్‌బాషాలు. వారి ఇంటి భాష తెలుగు. ఈ రెండు కారణాల వల్లనే వారిని తక్కువగా చూసినవారు మన సమాజంలో లేకపోలేదు. అరబీలో ‘హల్లాజ్’ అంటే దూది ఏకేవాడనే అర్థం. ఆ పేరుతో ప్రసిద్ధుడైన మన్సూర్ హల్లాజ్ (మరణం 922) అభిప్రాయాలపై ఎన్ని వివాదాలున్నా, ఆ పేరు కారణంగా ఆయనను ఎవరూ చులకన చేయలేదు. హనఫీ న్యాయశాస్త్రంలో ప్రమాణంగా నిలిచిన ఖస్సాఫ్ పేరుకు చెప్పులు కుట్టేవాడని అర్థం. జస్సాస్ అంటే సున్నపుపనివాడు. ఖుదూరీ పేరు వంటపాత్రలకు సంబంధించినది. షాఫయీ పండితుడు ఖఫ్ఫాల్ మర్వజీ నిజంగానే తాళాలు చేసిన మనిషి, ముప్ఫై ఏళ్ళ వయస్సులో చదువు మొదలుపెట్టాడు. ఇమామ్ అబూ హనీఫా బట్టల వర్తకులు. వృత్తి పేరును విద్వాంసులు తలమీద పెట్టుకుని తిరిగిన సంప్రదాయానికి వారసులమని చెప్పుకుంటూ, విల్లు పట్టిన చేతిని హీనంగా చూడడం ఏ ఫిఖ్హ్‌లో ఉన్నది?

తీర్పు

ఇబ్న్ ఖల్దూన్ సిద్ధాంతంలో నిలిచేవి మూడు. మనుషుల మధ్య కనిపించే తేడా పుట్టుకది కాదు. పని చేయగా పట్టుబడే పాటవమే బుద్ధిలో ప్రధాన భాగం. అది గురువు లేనిదే అందదు. అక్షరం ఒక్కటే సర్వబుద్ధికీ తాళంచెవి అన్న మాటను మాత్రం సవరించుకోవాలి. ఒక పనిలోని ఆలోచన మరొక పనిలోకి దానంతట దాటదు. దాటించాలి.

ఎలా దాటించాలన్నది కూడా ఆయన గ్రంథంలోనే ఉన్నది. మగ్రిబ్ విద్యార్థులు మరాకష్ దేశపు మదరసాలలో పదహారేళ్ళు గడిపినా, సభల్లో నోరు విప్పక కంఠస్థమే చేస్తూ ఉండిపోవడం వల్ల విద్యాపాటవం లేకుండా మిగిలిపోతున్నారనీ, తూనిస్‌లో దీనికి అయిదేళ్ళు చాలుననీ ఆయన విచారపడ్డాడు. చర్చ, వాదం, ప్రశ్న — ఇవే దానికి మందు అన్నాడు. ఆరువందల ఏళ్ళు దాటినా ఈ విమర్శకు కాలదోషం పట్టలేదు. దివ్య ఖుర్ఆన్ కంఠస్థం మహాభాగ్యం, అందులో సందేహం లేదు. అది ఇచ్చే జ్ఞాపకపాటవం నిజమైనదని వాయ్ పరీక్షలు కూడా చెప్పాయి. కాని అర్థవిచారణ అన్న పాటవం దాని వెంట ఉచితంగా రాదు. పిల్లవాడు తనకు పట్టుబడిన భాషలో ప్రశ్న అడిగే వీలుంటేనే అది వస్తుంది. కోనసీమ పిల్లల్లో ఎందరికో ఆ భాష తెలుగు.

తొలి వహీలోనే కలం ప్రస్తావన ఉన్నది. దాన్ని అందుకున్న దైవప్రవక్త (స) ఉమ్మీ, చదవడం రాయడం నేర్చినవారు కారు. బద్ర్ ఖైదీలలో చదువు వచ్చినవారు మదీనా పిల్లలు పదేసి మందికి రాత నేర్పితే, అదే వారి విడుదలకు పరిహారంగా స్వీకరించబడిందని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. చదువురానివారిని చులకన చేయకపోవడం, చదువును ప్రతి పిల్లకూ చేర్చడానికి శత్రువు చేతినైనా వాడుకోవడం — ఈ రెండూ ఒకే ఆచరణలో కనిపిస్తాయి. తండ్రి మగ్గం మీది లెక్కను బడి గణితంతోను, తాత నోటిలెక్కను ఫరాయిజ్ వాటాలతోను కలిపి చెప్పగల ఉపాధ్యాయుడు ఒక్కడు అమలాపురం మక్తబ్‌లో ఉంటే, ఇబ్న్ ఖల్దూన్ వాదనలో తెగిపోయిన పోగు అక్కడ అతుక్కుంటుంది.